పాత సీడీ, తలవెంట్రుక, లేజర్ టార్చి: పదార్థ తరంగాల లెక్కను ఇంట్లో చేసి చూడడం ఎలా

పదార్థానికి కణ స్వభావమూ తరంగ స్వభావమూ రెండూ ఉంటాయన్న వాక్యాన్ని ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం చదివిన ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు పరీక్షలో రాసే ఉంటారు. హనుమకొండలో నేను చాలా ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. ఆ వాక్యాన్ని తప్పు లేకుండా రాసే పిల్లలు కూడా, ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యాన్ని ఎవరు, దేనితో, ఎలా కొలిచారని అడిగితే ఆగిపోవడం ప్రతి సంవత్సరం చూస్తున్నాను. నిజానికి 1927లో నికెల్ స్ఫటికం మీద ఎలక్ట్రాన్లతో చేసిన కొలతకూ, మీరు ఒక పాత సీడీ మీద లేజర్‌తో చేయగలిగిన కొలతకూ సూత్రం ఒక్కటే. అందుకే ముందు కాంతితో చేతులారా కొలిచి, ఆ తరువాత అదే లెక్కను ఎలక్ట్రాన్‌కు వర్తింపజేసే క్రమాన్ని ఇక్కడ చెబుతున్నాను. ఈ క్రమాన్ని మార్చకండి. లెక్క ముందుకు వచ్చి కొలత వెనక్కి పోతే మళ్ళీ ఆ పరీక్ష వాక్యమే మిగులుతుంది.

కావలసినవి

ఎరుపు లేజర్ టార్చి ఒకటి, పాత సీడీ ఒకటి, పొడవైన తలవెంట్రుక, మీటరు టేపు, తెల్లటి అట్ట, బట్టలకు పెట్టే క్లిప్పులు రెండు చాలు. సీడీ అంటే సీడీయే కావాలి, డీవీడీ పనికిరాదు. ఇరవై ఏళ్ళ కిందటి పెళ్ళి వీడియోల సీడీలు మన ఇళ్ళలో బీరువాల అడుగున ఇంకా దొరుకుతాయి. వీటికి తోడు సన్నని రాగి తీగ ఒక జానెడు సంపాదించండి. యాసంగిలో కాలిపోయిన వ్యవసాయ మోటార్లతో నిండిపోయే వైండింగ్ షాపు ఏదైనా మీకు దగ్గరలో ఉంటే, అక్కడ తెగి కింద పడిన ముక్క అడిగితే ఇస్తారు. ఆ తీగను కొలవడానికి కాలేజీ ప్రయోగశాలలో స్క్రూగేజీ వాడుకోవడానికి అనుమతి తీసుకోండి.

లేజర్ విషయంలో ఒక్క మాట. 1 మిల్లీవాట్ ఉన్న ఎరుపు లేజర్ ఈ పనికి పూర్తిగా సరిపోతుంది. జాతరల్లో, ఫుట్‌పాత్‌ల మీద దొరికే ఆకుపచ్చ లేజర్లు తీసుకోకండి. వాటిలో చాలావాటి నుంచి కంటికి కనిపించని పరారుణ కాంతి కూడా బయటికి వస్తుంది. ఏ లేజర్‌నైనా కంటికి సూటిగా పట్టకూడదు, అద్దం మీద వేయకూడదు. సీడీ కూడా అద్దం వంటిదే కనుక, దాన్ని వాడేటప్పుడు మీ ముఖం లేజర్ ఎత్తుకు పైన ఉండేలా చూసుకోండి; చిన్నపిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.

మొదట లేజర్ తరంగదైర్ఘ్యం తేల్చండి

చవక లేజర్ల మీద 630 నుంచి 680 నానోమీటర్ల వరకు అని ముద్రించి ఉంటుంది. అంత వెడల్పైన హద్దులతో మన పని జరగదు కనుక అసలు విలువను మనమే కనుక్కోవాలి.

సీడీ మీద సమాచారాన్ని దాచిన వరుసలు లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ పోతాయి. పక్కపక్క వరుసల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే ఒక మిల్లీమీటరులో 625 వరుసలు. సీడీని గోడకు ఆనించి నిలబెట్టండి. అట్టకు మధ్యలో పెన్సిలు మొనతో చిన్న రంధ్రం చేసి, అట్టను సీడీకి ఎదురుగా, సమాంతరంగా, సరిగ్గా 20 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టండి. అట్ట వెనుక నుంచి లేజర్‌ను ఆ రంధ్రం గుండా పంపి, సీడీ నడిమి రంధ్రానికి కుడి పక్కనో ఎడమ పక్కనో, అదే ఎత్తులో పడేలా చూడండి. పైనో కిందో పడితే చుక్కలు నిలువుగా వస్తాయి, కొలవడం కష్టమవుతుంది. తిరిగి వచ్చిన నడిమి చుక్క అట్ట రంధ్రంలోనే పడేదాకా సీడీని కొద్దికొద్దిగా కదపండి. అలా పడినప్పుడే కిరణం సీడీకి లంబంగా తగులుతున్నట్లు లెక్క. ఈ సర్దుబాటుకు పది నిమిషాలు పట్టినా విసుగుపడకండి, ఫలితమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు రంధ్రానికి రెండు వైపులా రెండు ఎరుపు చుక్కలు కనిపిస్తాయి. మా ఇంట్లో అవి రంధ్రం నుంచి 8.9 సెంటీమీటర్ల దూరంలో పడ్డాయి. చుక్క దూరాన్ని ఏటవాలు దూరంతో భాగిస్తే కోణపు సైన్ విలువ వస్తుంది. 20 వర్గానికి 8.9 వర్గాన్ని కలిపి వర్గమూలం తీస్తే ఏటవాలు దూరం 21.89, 8.9ని 21.89తో భాగిస్తే 0.4066. దీన్ని 1.6 మైక్రోమీటర్లతో గుణిస్తే 0.65 మైక్రోమీటర్లు, అంటే 650 నానోమీటర్లు. వరుసల మధ్య దూరాన్ని కోణపు సైన్‌తో గుణిస్తే తరంగదైర్ఘ్యం: ఈ ఒక్క సూత్రాన్ని నోటుపుస్తకంలో గీత గీసి రాసుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రాబోతున్నాం.

ఆ చుక్క అక్కడే ఎందుకు పడింది? పక్కపక్క వరుసల నుంచి బయలుదేరిన రెండు కాంతి తరంగాలు ఆ దిశలో నడిచిన దూరాల మధ్య తేడా సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం అయింది కాబట్టి. శృంగం మీద శృంగం, ద్రోణి మీద ద్రోణి పడి అవి బలపడ్డాయి. మిగతా దిశల్లో వేల వరుసల తరంగాలు ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి రెండు రాళ్ళను పక్కపక్కన వేస్తే, రెండు వలయాలు కలిసే చోట నీళ్ళు కొన్ని గీతల వెంట కదలకుండా ఉండిపోవడం కనిపిస్తుంది. అక్కడ నీటిలో జరిగేదే ఇక్కడ కాంతిలోనూ జరుగుతుంది.

తరువాత వెంట్రుకను కొలవండి

వెంట్రుకను రెండు క్లిప్పుల మధ్య నిలువుగా, బిగువుగా కట్టండి. లేజర్‌ను పుస్తకాల దొంతర మీద కదలకుండా ఉంచి, కిరణం వెంట్రుక మీద సరిగ్గా పడేలా చేయండి. వెంట్రుక నుంచి 4 మీటర్ల దూరంలో గోడ ఉండాలి. గది చిన్నదైతే తలుపు తీసి వరండా గోడ వరకు వెళ్ళండి. దీపాలు ఆర్పగానే గోడ మీద ఎర్రటి అడ్డగీత ఒకటి, దాన్ని తుంచినట్టు మధ్యమధ్య నల్లటి ఖాళీలు కనిపిస్తాయి. వెంట్రుక నీడ పడాల్సిన చోట నీడ లేకపోగా, నడిమి ముక్క అన్నిటికంటే ప్రకాశవంతంగా ఉంటుంది. ఈ దృశ్యాన్ని తొందరపడి దాటిపోకండి. కాంతి ఇసుక రేణువుల వంటి కణాల వరుస మాత్రమే అయితే గోడ మీద ఒక సన్నని నల్ల గీత పడి ఊరుకోవాలి.

నల్లటి ఖాళీల నడిమి బిందువుల మీద పెన్సిలుతో గుర్తులు పెట్టండి. ఎడమవైపు మూడో ఖాళీ నుంచి కుడివైపు మూడో ఖాళీ వరకు కొలిచి, ఆరుతో భాగించండి. నడిమి ప్రకాశ భాగం మిగతా వాటికి రెట్టింపు వెడల్పు ఉంటుంది కనుక ఐదు కాదు, ఆరు భాగాలు. ఈ ఒక్కచోట తప్పు చేయని విద్యార్థిని నేను అరుదుగా చూశాను. నాకు మొత్తం 222 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే ఒక్కో భాగం 37 మిల్లీమీటర్లు. తరంగదైర్ఘ్యాన్ని గోడ దూరంతో గుణించి, ఈ భాగంతో భాగిస్తే వెంట్రుక మందం: 0.00065 మి.మీ.ను 4000తో గుణించి 37తో భాగిస్తే 0.07 మిల్లీమీటర్లు. ఆ తరువాత వెంట్రుక స్థానంలో వైండింగ్ తీగను పెట్టి ఇదే విధంగా కొలిచి, స్క్రూగేజీ రీడింగుతో పోల్చుకోండి. తీగ మీది పూతను కూడా కలుపుకొనే రెండు పద్ధతులూ కొలుస్తాయి కనుక ఫలితాలు దగ్గరగా రావాలి. రాకపోతే తప్పు ఎక్కువగా గోడ దూరం కొలవడంలోనే ఉంటుంది.

ఇక్కడ జాగ్రత్తగా చదివేవారికి ఒక సందేహం వస్తుంది. సీడీ దగ్గర తేడా ఒక తరంగదైర్ఘ్యం అయినచోట వెలుగు వచ్చింది, వెంట్రుక దగ్గర అదే షరతుకు చీకటి ఎందుకు? సీడీలో విడివిడి వరుసలున్నాయి, కాబట్టి ఒక్కో వరుస ఒక్కో అల పంపుతుంది. వెంట్రుక చిత్రం మాత్రం, నడిమి చుక్కను వదిలేస్తే, అంతే వెడల్పున్న చీలిక ఇచ్చే చిత్రమే. దీన్ని బాబినే సూత్రం అంటారు. చీలిక అంతటా అలలు పుడతాయి. ఒక చివరికీ మరో చివరికీ తేడా ఒక పూర్తి తరంగదైర్ఘ్యం అయినప్పుడు, పై సగంలోని ప్రతి బిందువుకూ కింది సగంలో అరతరంగం తేడాతో ఒక జోడీ దొరుకుతుంది. జోడీలన్నీ చెరిగిపోతాయి, అక్కడ చీకటి.

ఫోటాన్లను లెక్కపెట్టండి

ఇంతవరకు చూసినదంతా తరంగమే. అయితే 1905లో ఐన్‌స్టైన్ కాంతి విద్యుత్ ఫలితాన్ని, అంటే కాంతి పడిన లోహం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడడాన్ని వివరించడానికి, కాంతి శక్తి విడివిడి పొట్లాలుగా అందుతుందని చెప్పవలసి వచ్చింది. ఆ పొట్లాన్నే ఫోటాన్ అంటారు. మీ లేజర్‌లో ఎన్ని పొట్లాలున్నాయో ఇప్పుడు లెక్కవేయండి. 650 నానోమీటర్ల కాంతిలో ఒక్క ఫోటాన్ శక్తి సుమారు 3.06 × 10⁻¹⁹ జౌళ్ళు. 1 మిల్లీవాట్ అంటే సెకనుకు 10⁻³ జౌళ్ళు. భాగిస్తే సెకనుకు సుమారు 3.3 × 10¹⁵ ఫోటాన్లు. వెంట్రుక నుంచి గోడకు 4 మీటర్లు దాటడానికి కాంతికి పట్టేది సెకనులో వంద కోట్ల వంతులు 13 మాత్రమే. అంటే ఏ క్షణాన చూసినా ఆ దూరంలో దాదాపు నాలుగు కోట్ల ముప్పై లక్షల ఫోటాన్లు ప్రయాణంలో ఉంటాయి.

అయితే ఈ గుంపులో ఫోటాన్లు ఒకదానికొకటి తగిలి ఆ చీకటి ఖాళీలను ఏర్పరుస్తున్నాయేమో? ఈ అనుమానం న్యాయమైనది. 1909లో కేంబ్రిడ్జికి చెందిన జెఫ్రీ టేలర్ దీన్ని పరీక్షించాడు. ఆయన వాడినది వెంట్రుక కాదు, సూది. గ్యాసు దీపపు వెలుగును పొగచూరిన గాజు పలకలతో బాగా తగ్గించి, సూది నీడను ఫోటో పలక మీద తీశాడు. అన్నిటికంటే మసక వెలుగులో తీసిన ఫోటోకు 2000 గంటలు, అంటే దాదాపు మూడు నెలలు పట్టింది. చారల స్పష్టత ఏమీ తగ్గలేదు. ఫోటాన్లు ఒక్కొక్కటిగానే వస్తున్నాయని గట్టిగా రుజువు చేస్తూ, వ్యతికరణ (తరంగాలు కలిసి బలపడడం, చెరిగిపోవడం) ప్రయోగాన్ని 1986లో ఫ్రాన్స్‌లో గ్రాంజియే, రోజే, ఆస్పే చేశారు. అందులోనూ చారలు వచ్చాయి.

ఇప్పుడు ఎలక్ట్రాన్‌కు అదే లెక్క

1924లో లూయీ ద బ్రోయ్ తన సిద్ధాంత వ్యాసంలో కాంతికి ఉన్న ఈ ద్వంద్వ స్వభావం పదార్థానికీ ఉండాలని ప్రతిపాదించాడు. ప్లాంక్ స్థిరాంకాన్ని ద్రవ్యవేగంతో (ద్రవ్యరాశి, వేగాల లబ్ధంతో) భాగిస్తే వచ్చేదే ఆ కణపు తరంగదైర్ఘ్యం. కాగితం తీసుకొని, 54 వోల్టులతో వేగం పెంచిన ఎలక్ట్రాన్‌కు ఈ విలువ ఎంతో లెక్క చేయండి. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 9.11 × 10⁻³¹ కిలోగ్రాములు, ఆవేశం 1.602 × 10⁻¹⁹ కూలూంబులు. ద్రవ్యరాశి, ఆవేశం, వోల్టేజీల లబ్ధాన్ని రెట్టింపు చేసి వర్గమూలం తీస్తే ద్రవ్యవేగం 3.97 × 10⁻²⁴ వస్తుంది. 6.626 × 10⁻³⁴ను దానితో భాగిస్తే 1.67 × 10⁻¹⁰ మీటర్లు, అంటే 1.67 ఆంగ్‌స్ట్రాములు. ఇది సిద్ధాంతం చెప్పిన విలువ.

కొలత సంగతి చూద్దాం. అమెరికాలో బెల్ ప్రయోగశాలల్లో డేవిసన్, జెర్మర్ నికెల్ లోహం మీద ఎలక్ట్రాన్లను వేసి అవి ఎటు చెదురుతున్నాయో చూస్తున్నారు. 1925లో ద్రవ గాలి సీసా పేలి, గాజు గొట్టం పగిలి, లోపలి వేడి నికెల్‌కు తుప్పు పట్టింది. ఆ తుప్పును వదిలించడానికి వారు దాన్ని చాలాసేపు కాల్చారు. ఆ కాల్పుతో లోహంలోని లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు కరిగి కలిసిపోయినట్లుగా కొద్దిపాటి పెద్ద స్ఫటికాలుగా మారాయి. దాంతో ఎలక్ట్రాన్లు చెదిరే తీరే మారిపోయింది. సీడీని పొడి చేసి ముక్కలను ఇష్టం వచ్చినట్టు అట్ట మీద అతికిస్తే మీ రెండు ఎరుపు చుక్కలు రావు. వరుసలన్నీ ఒకే దిశలో ఉన్న పూర్తి సీడీకే వస్తాయి. ప్రమాదానికి ముందు వారి దగ్గర ఉన్నది ఆ పొడి సీడీ వంటిది.

1927లో వారు ఒకే స్ఫటికం మీద 54 వోల్టుల ఎలక్ట్రాన్లను లంబంగా పంపినప్పుడు 50 డిగ్రీల కోణంలో ఎలక్ట్రాన్ల సంఖ్య హఠాత్తుగా పెరిగింది. ఆ నికెల్ తలం మీద పరమాణువుల వరుసల మధ్య దూరం 2.15 ఆంగ్‌స్ట్రాములు. ఇప్పుడు మీరు గీత గీసి రాసుకున్న సూత్రం తీయండి. వరుసల మధ్య దూరాన్ని కోణపు సైన్‌తో గుణించండి: 2.15ను 0.766తో గుణిస్తే 1.65 ఆంగ్‌స్ట్రాములు. సిద్ధాంతం చెప్పింది 1.67. లంబంగా పడిన కిరణం, సమాన దూరాల్లో వరుసలు, పక్కకు పడిన చుక్క: మీ అట్ట మీద జరిగినదే అక్కడా జరిగింది. తేడా అంతా అక్కడ పడినది కాంతి కాక, ద్రవ్యరాశి ఉన్న పదార్థం కావడంలోనే ఉంది. ఈ రెండు లెక్కలను ఒకే పుటలో పక్కపక్కన రాసి పెట్టుకోండి. అదే సంవత్సరం జి.పి. థామ్సన్ పలుచని రేకుల గుండా ఎలక్ట్రాన్లను పంపి వలయాలు రాబట్టాడు. 1937 నోబెల్ బహుమతిని ఆయన, డేవిసన్ పంచుకున్నారు.

ఎనుమాముల మార్కెట్లో గాలిలో తేలే మిరప నలుసుకూ ఇదే లెక్క చేసి చూడండి. నలుసు బరువు ఒక మైక్రోగ్రాము, వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు అనుకుంటే తరంగదైర్ఘ్యం 6.6 × 10⁻²² మీటర్లు వస్తుంది. ఇది ప్రోటాన్ వెడల్పులో పది లక్షల వంతు కూడా కాదు. దాన్ని చూపించగల వరుసలు గానీ చీలికలు గానీ ప్రకృతిలో లేవు కాబట్టి నలుసు మనకు కణంగానే కనిపిస్తుంది.

చీట్ల ప్రయోగం

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. తెర మీద ఎలక్ట్రాన్ ఎప్పుడూ ఒక్క చుక్కగానే పడుతుంది, సగం ఎలక్ట్రాన్ ఇక్కడా సగం అక్కడా పడడం ఎవరూ చూడలేదు. మరి చారలు ఎక్కడివి? కాగితం మీద తొమ్మిది నిలువు గళ్ళు గీయండి. ఇరవై చీట్లు చేసి, వాటి మీద గళ్ళ సంఖ్యలను ఈ లెక్కన రాయండి: ఒకటో గడికి 4 చీట్లు, తరువాత వరుసగా 2, 0, 2, 4, 2, 0, 2, 4. చీట్లను డబ్బాలో వేసి కలిపి, ఒకటి తీసి, ఆ గడిలో చుక్క పెట్టి, చీటీని తిరిగి డబ్బాలో వేయండి. పది చుక్కల దగ్గర ఆగి చూస్తే ఏ క్రమమూ కనిపించదు. ఇంట్లోవాళ్ళందరూ తలా కొన్ని తీసి రెండు వందలకు చేరేసరికి చారలు తేలతాయి. 1989లో జపాన్‌లో టోనోమురా బృందం ఎలక్ట్రాన్లను దాదాపు ఒక్కొక్కటిగా పంపినప్పుడు తెర మీద సరిగ్గా ఇలాగే చుక్కలు పోగుపడి చారలయ్యాయి. ఆ పరికరంలో ఎలక్ట్రాన్ల దారి మధ్యలో ఉన్నది కూడా, మీ వెంట్రుక లాగే, ఒక అతి సన్నని తీగ.

అయితే చీట్లు విషయాన్ని సగమే చెబుతాయి. ఎలక్ట్రాన్లు తెరను చేరడానికి రెండు చీలికలు ఉన్నాయనుకోండి. వాటిలో ఒకదాన్ని మూసి ఒక్కటే తెరిస్తే, ప్రతి గడికీ ఒక్కో చీటీ చొప్పున ఎలక్ట్రాన్లు సమంగా పడతాయనుకోండి. రెండోదాన్ని మాత్రమే తెరిచినా అంతే. అలాంటప్పుడు రెండూ తెరిస్తే గడికి రెండేసి పడాలి. కానీ పడేది 4, 2, 0, 2, 4. మూడో గడిని చూడండి: ఒక్క దారి తెరిచినప్పుడు ఎలక్ట్రాన్లు వచ్చిన చోటికి, రెండో దారి కూడా తెరిచాక ఒక్కటీ రావడం లేదు. రెండు డబ్బాల చీట్లను కలిపితే ఏ గడి చీట్లయినా పెరగాలే తప్ప తరగవు. కాబట్టి కలిపేది అవకాశాలను కాదు, అంతకు ముందరి మరొక రాశిని. దాన్ని కంపన పరిమితి అనండి, ఒక దిశ ఉన్న బాణం లాంటిదనుకోండి. ఒక్కో దారికి దాని విలువ 1. ఒకే దిశలో కలిస్తే 2, దాని వర్గం 4. ఎదురెదురుగా కలిస్తే 0. లంబకోణంలో కలిస్తే మొత్తం వర్గం 2. గళ్ళలోని అంకెలన్నీ వచ్చేశాయి. కలిసేటప్పుడు తరంగం లాగా కలుస్తుంది, అందేటప్పుడు చుక్కగా అందుతుంది, రెండింటికీ నడుమ వంతెన ఆ వర్గమే. నా దృష్టిలో ద్వంద్వ స్వభావమన్న మాటకు అర్థం ఇదే. ఈ నాలుగు అంకెలను చేతితో కలిపిన విద్యార్థికి ఆ పాఠం మళ్ళీ చెప్పవలసిన అవసరం నాకు రాలేదు.

ఏ దారిన వెళ్ళిందో గుర్తు పెడితే

ఈ చివరి పనికి ఓపిక కావాలి. పగిలిన మానిటర్ల ఎల్‌సీడీ తెర మీది పోలరాయిడ్ పొరను (తన అక్షం దిశలో కంపించే కాంతినే పోనిచ్చే పొరను) రిపేరు షాపులో అడిగి తెచ్చుకోండి. దాని నుంచి రెండు ముక్కలు కోసి, ఒకదాని అక్షం మరొకదానికి లంబంగా ఉండేలా అంచులను పక్కపక్కన చేర్చి అతికించండి. ఆ అతుకు మీద, దాన్ని పూర్తిగా కప్పేలా, వైండింగ్ తీగను అంటించండి. ఇప్పుడు తీగకు ఎడమ నుంచి వెళ్ళే కాంతికి ఒక గుర్తు, కుడి నుంచి వెళ్ళే కాంతికి మరో గుర్తు పడుతుంది. లేజర్ కాంతి కూడా ధ్రువణం చెంది, అంటే ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది కనుక, రెండు ముక్కల గుండా సమానంగా వెలుగు వచ్చేదాకా టార్చిని దాని అక్షం మీద తిప్పండి. గోడ మీద వెలుగు ఉంటుంది గానీ చీకటి ఖాళీలు పోతాయి. కొద్దిగా మిగిలితే అతుకు తీగ పక్కకు జరిగిందని అర్థం, తీసి మళ్ళీ అతికించండి.

ఖాళీలు పూర్తిగా మాయమయ్యాక, మూడో పోలరాయిడ్ ముక్కను తీగకూ గోడకూ మధ్య, మొదటి రెండింటికీ 45 డిగ్రీల కోణంలో పట్టుకోండి. ఎడమ, కుడి గుర్తులు రెండూ ఆ ముక్కలో చెరిగిపోతాయి. గోడ మీద వెలుగు దాదాపు సగానికి తగ్గుతుంది, అందులో ఖాళీలు మళ్ళీ కనిపిస్తాయి. వాటి మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. ఒంటి తీగతో వచ్చిన దూరమే వస్తుంది.